ఎక్సలేటర్ ఇస్తే చతికిలబడే ఇంజను

(రుషికొండలో జరిగిన మన సంఘం యంత్ర మరమ్మతు శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం సమావేశమంటే గిట్టుబాటు ధర మాట్లాడుకుంటాం, కౌలు కార్డులు మాట్లాడుకుంటాం, భూసేకరణ మాట్లాడుకుంటాం. ఈ రోజు టూ స్ట్రోక్ ఇంజను గురించి మాట్లాడమని కమిటీ నాకు చెప్పింది. "అది మెకానిక్ పని కదా, సంఘానికి ఏం సంబంధం?" అని కొందరు అడిగారు. సంబంధం ఉందో లేదో నేను చెప్పేది విన్నాక మీరే తేల్చండి.

ఇక్కడికి వస్తూ దారిలో బీచ్ దగ్గర ఆగాను. ఇద్దరు కుర్రాళ్లు చిన్న నాలుగు చక్రాల బండి ముందు కూర్చుని తాడు లాగీ లాగీ చెమటలు కక్కుతున్నారు. పిల్లల్ని ఎక్కించుకుని ఇసుకలో తిప్పే బండి. స్టార్ట్ అవుతోంది. స్లోలో బాగానే ఆడుతోంది. ఎక్సలేటర్ నొక్కగానే "బూ..." అని నీరసంగా మూలిగి ఆగిపోతోంది. "బాబాయ్, ఇంజన్ పోయింది. వారం సంపాదన దీనికే పెట్టాలి" అన్నాడు ఒకడు. నాకు నవ్వొచ్చింది. ఆ బండి ఇంజను మన తైవాన్ పంపు ఇంజనుకు తమ్ముడే. మనం వీపున మోస్తాం, వాళ్లు చక్రాల మీద తిప్పుతారు. జబ్బు కూడా ఒక్కటే. చోక్ సగం వేసి చూడమన్నాను. చూశారు. ఏం జరిగిందో తర్వాత చెబుతాను.

ముందు నా సొంత కథ. కొన్నేళ్ల కిందట మామిడి పూతకొచ్చింది. తేనెమంచు పురుగు కనపడింది. పూత మీద ఆ పురుగు పడితే రోజులు లెక్కపెట్టుకోవాలి. కూలీలు దొరకరు, సిటీలో బిల్డింగు పనికి పోతున్నారు. అందుకే పవర్ స్ప్రేయర్ కొన్నాను. సరిగ్గా ఆ రోజునే పంపు ఎక్సలేటర్ అందుకోవడం మానేసింది. షాపుకు పట్టుకెళ్లాను. కార్బొరేటర్ పోయిందన్నారు. రెండు వేల చిల్లర పెట్టి మార్చారు. ఇంటికొచ్చి చూస్తే మళ్లీ అదే మూలుగు. మళ్లీ వెళితే "బోరు పోయింది, సిలిండర్, పిస్టన్ సెట్టు మార్చాలి, సామాను రావడానికి వారం పడుతుంది" అన్నారు. అప్పటికే నాలుగు రోజులైంది. చెట్ల కింద నిలబడితే ఆకుల మీద తేనె జిగట, పూత మీద నల్లటి మసి.

ఎవరో చెబితే పాత స్కూటర్ మేస్త్రి ఒకాయన దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. పంపు స్టార్ట్ చేశాడు, చెవి పెట్టి విన్నాడు, చోక్ సగం మూసి ఎక్సలేటర్ ఇచ్చాడు. అందుకుంది. చోక్ తీస్తే చచ్చింది. "ఏటి బాబూ, ఇది ఎక్కడో దొంగ గాలి తాగతంది" అన్నాడు. కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య అతుకు చుట్టూ వేలితో గ్రీజు దట్టంగా పూశాడు. మళ్లీ స్టార్ట్ చేశాడు. చోక్ లేకుండానే ఇంజను పరుగెత్తింది. "కొత్త కార్బొరేటర్ బిగించీసినారు గానీ కింద చిరిగిన ప్యాకింగు అలాగే వొగ్గీసినారు" అన్నాడు. ప్యాకింగ్ షీటు ముక్క కత్తిరించి, రెండు కన్నాలు పొడిచి, వేసిచ్చాడు. తీసుకున్నది ఇరవై రూపాయలు. నా కార్బొరేటర్ అసలు పోనేలేదు. బోరు అంతకంటే పోలేదు. పోయింది ఆ ఏడాది పూతలో సగం.

అప్పుడు నాకు అర్థమైంది ఒకటే. మనకు డబ్బు ఎంత లేకపోయినా, తెలియకపోవడం వల్ల పోయే డబ్బు ఎక్కువ.

ఇంకో సంగతి గమనించండి. ఒకప్పుడు రోడ్డు మీద సగం బండ్లు టూ స్ట్రోకే. చేతక్ స్కూటర్, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ హండ్రెడ్. బంకులో పెట్రోల్‌తో పాటు టూటీ ఆయిల్ కొలిచి పోసేవారు. ప్రతి వీధి చివరా శబ్దం విని జబ్బు చెప్పే మేస్త్రి ఉండేవాడు. పొగ నిబంధనలు గట్టిపడ్డాక ఆ బండ్లు రోడ్డు మీంచి పోయాయి. వాటితో పాటు ఆ మేస్త్రీలూ పనులు మానుకున్నారు. అదే సమయంలో టూ స్ట్రోక్ ఇంజను మన పొలాల్లోకి వచ్చింది. మందు కొట్టే పంపు, గడ్డి కోసే మిషను, రంపం, గుంతలు తీసే మిషను. అంటే పని తెలిసినవాళ్లు తగ్గిపోయిన రోజుల్లోనే ఇంజను మన చేతికొచ్చింది. ఇప్పుడున్న కొత్త కుర్రాళ్లలో చాలామందికి విడి భాగం మార్చడం వచ్చు, జబ్బు కనిపెట్టడం రాదు. వాళ్లను తప్పుపట్టడం లేదు, నేర్పినవాడు లేడు. అందుకని మనమే నేర్చుకోవాలి.

ఇంజను ఎలా బతుకుతుంది

మన ఇంజను మీద ఒక రేకు అతికించి ఉంటుంది. చాలా పంపుల మీద 1ఇ40ఎఫ్ లాంటి రాత కనపడుతుంది. ఒకటి అంటే ఒక సిలిండర్. ఇ అంటే టూ స్ట్రోక్. 40 అంటే సిలిండర్ లోపలి వెడల్పు 40 మిల్లీమీటర్లు. ఎఫ్ అంటే గాలితో చల్లబడేది. అంత చిన్న ఇంజను నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకు ఒకసారి మండితే, ఇది ప్రతి చుట్టుకూ మండుతుంది.

దీనికి వేరే ఆయిల్ చాంబర్ లేదు. పెట్రోల్‌లో మనం కలిపే టూటీ ఆయిలే బేరింగులకూ పిస్టన్‌కూ తడి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పెట్రోల్ తక్కువ అందితే ఆయిల్ కూడా తక్కువ అందినట్టే. అందుకని చతికిలబడే ఇంజనును "ఎలాగోలా ఈ పూటకు కొట్టేద్దాం" అని బలవంతంగా నడిపితే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కు పట్టేస్తుంది. ఇరవై రూపాయల జబ్బు నిజంగానే సిలిండర్ మార్చే జబ్బవుతుంది.

స్లోలో ఆడే ఇంజను ఎక్సలేటర్ ఇస్తే ఎందుకు ఆగుతుంది? స్లోకు కొన్ని చుక్కల పెట్రోల్ చాలు. దానికి కార్బొరేటర్‌లో వేరే సన్నటి దారి ఉంటుంది. ఎక్సలేటర్ ఇవ్వగానే గాలి తలుపు తెరుచుకుంటుంది. గాలి తేలిక, క్షణంలో లోపలికి దూరుతుంది. పెట్రోల్ బరువు, పెద్ద జెట్ గుండా పైకి రావాలి. ఆ దారిలో ఎక్కడైనా అడ్డుంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. మంట పట్టదు, ఇంజను కూలబడుతుంది. కాలవలో నీళ్లు సన్నగా పారుతుంటే మడి ఒకటి తడుస్తుంది. నాలుగు మళ్లకు ఒకేసారి గండి కొడితే ఏ మడికీ చాలదు. అంతే.

నాలుగు జబ్బులు

ఇంజను మనిషిలాంటిదే అనుకోండి. ఎక్సలేటర్ అందుకోకపోవడానికి నాలుగు జబ్బులు: ఆకలి, అజీర్ణం, మలబద్ధకం, నిప్పు లేకపోవడం. (నవ్వులు) నవ్వండి, కానీ మరిచిపోవద్దు.

ఆకలి అంటే పెట్రోల్ చాలకపోవడం. గుర్తు ఏమిటంటే, ఎక్సలేటర్ ఇవ్వగానే టక్కున చచ్చిపోతుంది. పొగ ఉండదు. చోక్ సగం వేస్తే అందుకుంటుంది. ప్లగ్గు విప్పి చూస్తే మూతి తెల్లగా, బూడిద రంగులో ఉంటుంది. కారణాలు: ట్యాంకులో ఉండే ఫిల్టర్ మూసుకుపోవడం, పెట్రోల్ పైపు గట్టిపడి చిట్లడం, జెట్‌లో చెత్త, గడ్డి మిషన్లలో అయితే కార్బొరేటర్ లోపలి రబ్బరు పొర బిరుసెక్కడం, నా పంపులో లాగా ప్యాకింగు దగ్గర దొంగ గాలి. ఇంకొకటి చాలామంది చూడరు. ట్యాంకు మూతకు సన్నటి కన్నం ఉంటుంది. అది మట్టితోనో మందు పొడితోనో మూసుకుపోతే ట్యాంకులోకి గాలి దూరదు, పెట్రోల్ కిందికి దిగదు. స్టార్ట్ చేశాక కాసేపు బాగా నడిచి తర్వాత కూలబడితే మూత కొంచెం వదులు చేసి చూడండి. అందుకుంటే జబ్బు మూతలోనే ఉంది.

అజీర్ణం అంటే పెట్రోల్ ఎక్కువవడం. ఎక్సలేటర్ ఇస్తే గుడగుడలాడుతూ నెమ్మదిగా లేస్తుంది, తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. చోక్ వేస్తే ఇంకా పాడవుతుంది. ప్లగ్గు నల్లగా తడిసి ఉంటుంది. కారణాల్లో మొదటిది ఎయిర్ ఫిల్టర్. దుమ్ముతో మూసుకుపోయిన స్పాంజి, వేసి మరిచిపోయిన చోక్ రెండూ ఒకటే. ఆ తర్వాత ఫ్లోట్ కింద సూది సరిగ్గా మూసుకోకపోవడం, ఎవరో స్క్రూ తిప్పేసి ఉండటం.

మలబద్ధకం అంటే పొగ బయటికి పోకపోవడం. ఆయిల్ ఎక్కువ కలిపినా, నాసిరకం ఆయిల్ వాడినా, ఎప్పుడూ స్లోలోనే నడిపినా సైలెన్సర్ మూతిలో బొగ్గు పేరుకుంటుంది. మూల పెట్టిన మిషనులో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టిన సంగతి కూడా నేను చూశాను. ఇంజను స్టార్ట్ అవుతుంది, కొంత దూరం లేస్తుంది, ఆపైన ఎంత ఇచ్చినా పెరగదు. సైలెన్సర్ విప్పి చూస్తే తెలిసిపోతుంది.

నిప్పు సంగతి. ప్లగ్గు మూతి మధ్య సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. కొలిచే సాధనం కొననక్కర్లేదు. యాక్సా బ్లేడు మందం దాదాపు అంతే. బ్లేడు ఒరుసుకుంటూ దూరాలి. ప్లగ్గు సరైన రంగులో ఉంటే అనకాపల్లి బెల్లం రంగు కనపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మాత్రమే ఆగిపోయి, చల్లబడ్డాక మళ్లీ లేస్తుంటే కాయిల్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. దాన్ని కూడా మూత సంగతి చూశాకే.

ఏ వరసలో చూడాలి

మనం చేసే తప్పు ఏమిటంటే ఖరీదైన భాగంతో మొదలుపెడతాం. డబ్బు ఖర్చు లేనిదాంతో మొదలుపెట్టాలి. ఈ వరస రాసుకోండి.

ఒకటి. ఇంజను చల్లబడనివ్వండి. ప్లగ్గు మీది క్యాప్ ఊడదీయండి. గడ్డి మిషను బ్లేడు మీద చెయ్యి వేసే ముందు ఇది తప్పనిసరి. బీడీ, చుట్ట పక్కన పెట్టండి.

రెండు. పాత పెట్రోల్ తీసేయండి. నెల దాటిన కలుపు పెట్రోల్‌తో పరీక్షలు చేయొద్దు. తాజా పెట్రోల్‌లో కొత్తగా ఆయిల్ కలపండి. ఎంత కలపాలో ఊరివాళ్లను అడగొద్దు, ట్యాంకు మూత మీద రాసి ఉంటుంది. 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. 40:1 అయితే 25. 50:1 అయితే 20. ఆయిల్ ఎక్కువైతే మంచిదే అనుకుంటారు. ఆయిల్ ఎక్కువైనంత మేరా అదే జెట్ గుండా పోయే పెట్రోల్ తగ్గుతుంది, బొగ్గు పెరుగుతుంది. ట్యాంకులో కలపొద్దు, వేరే డబ్బాలో కలిపి బాగా కుదపండి. ఇప్పుడు ఫోర్ స్ట్రోక్ పంపులు కూడా వచ్చాయి. వాటిలో ఆయిల్ వేరే చోట పోస్తాం, పెట్రోల్‌లో కలపకూడదు. మీది ఏదో ముందు తేల్చుకోండి.

మూడు. ట్యాంకు మూత కన్నం. నాలుగు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఐదు. ట్యాంకులో ఫిల్టర్, పైపు చూడండి. ఆరు. ప్లగ్గు రంగు, సందు. ఏడు. సైలెన్సర్ మూతి.

ఇవన్నీ అయ్యాక ఇంజను వేడి చేసి చోక్ పరీక్ష చేయండి. సగం చోక్‌తో మెరుగైతే ఆకలి. మరింత పాడైతే అజీర్ణం. ఆకలే అని తేలితే ఇంజను ఆపి, అతుకు చుట్టూ గ్రీజు పూసి మళ్లీ చూడండి. మెరుగైతే ప్యాకింగు. మెరుగవకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, కార్బొరేటర్ విప్పండి. విప్పే ముందు ప్రతి స్క్రూ ఎన్ని చుట్లు తిరిగి ఉందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. జెట్ కన్నంలో సూది, ఇనప తీగ దూర్చొద్దు. కన్నం వెడల్పయితే ఇక ఆ జెట్ పనికిరాదు. గాలి కొట్టండి. మరీ మొండికేస్తే గాలం వేసే నైలాన్ దారం సన్నటిది వాడండి. మన మంగమారిపేట బోటువాళ్లను అడిగితే ఒక మూర ఇస్తారు.

ఆఖరున బోరు. తాడు లాగితే గట్టిగా పట్టు తగులుతోందా చూడండి. ఎవరైనా "బోరు పోయింది" అంటే "సైలెన్సర్ విప్పి పిస్టన్ చూపించండి" అని అడగండి. ఆ కన్నంలోంచి పిస్టన్ పక్కభాగం కనపడుతుంది. నున్నగా ఉంటే బోరు పోయిందన్న మాట నమ్మకండి. నిలువు గీతలు పడి ఉంటే ఆయన చెప్పింది నిజం. పిస్టన్ నున్నగా ఉండి తాడు వదులుగా వస్తుంటే ముందు రింగులు చూడమనండి, రింగు ఖరీదు సిలిండర్ ఖరీదు కాదు. ఈ ఒక్క ప్రశ్న అడగడం నేర్చుకుంటే ఈ రోజు బస్సు చార్జీ గిట్టినట్టే.

పెట్రోల్ మారింది, మనకు చెప్పలేదు

ఇప్పుడు సంఘానికి సంబంధించిన మాట. ఈ మూడు నాలుగేళ్లలో రబ్బరు పైపులు మెత్తబడుతున్నాయని, రబ్బరు పొరలు ఉబ్బుతున్నాయని, నెల రోజులు ఆపిన మిషను లేవడం లేదని మీలో చాలామంది నాతో అన్నారు. కారణాలు చాలా ఉండొచ్చు. కానీ ఒకటి మనం తెలుసుకోవాలి. 2018 జీవ ఇంధన విధానంలో పెట్రోల్‌లో ఇరవై శాతం ఇథనాల్ కలపడానికి 2030 గడువు పెట్టుకున్నారు. తర్వాత ఆ గడువును 2025కు ముందుకు జరిపారు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో ఇరవై శాతం పెట్రోల్ అమ్మకం మొదలైంది. 2025 నాటికి దేశంలో కలిపే ఇథనాల్ ఇరవై శాతానికి చేరింది.

ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది. రుషికొండ గాలి ఎలాంటిదో మీకు తెలుసు. ఇక్కడ ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి చెమ్మగిల్లుతుంది. మూత సరిగ్గా లేని డబ్బాలో పెట్రోల్ నెలల తరబడి ఉంటే తేమ చేరి, నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. ఇంజను పీల్చేది అడుగునుంచే. ఇంకొకటి, ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ, మండడానికి కావలసిన గాలి కూడా తక్కువ. పాత పెట్రోల్‌కు సరిపడా పెట్టిన జెట్ గుండా ఇది పోతే మిశ్రమం కొంచెం పలచబడుతుంది. అంటే ఆకలి జబ్బుకు కొంత దగ్గరవుతుంది. బయటి దేశాల నుంచి వచ్చే చాలా చిన్న ఇంజన్ల పుస్తకాల్లో పది శాతం మించి ఇథనాల్ వాడొద్దని రాసి ఉంటుంది.

మీ బంకు పెట్రోల్ సంగతి అంచనాగా తెలుసుకోవచ్చు. గీతలున్న గాజు సీసాలో ఆయిల్ కలపని పెట్రోల్ 100 మిల్లీలీటర్లు, నీళ్లు 10 మిల్లీలీటర్లు పోసి, మూత పెట్టి కుదిపి, ఆరుబయట కాసేపు కదలకుండా ఉంచండి. ఇథనాల్ నీళ్లతో కలిసి కిందికి దిగుతుంది. అడుగు పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేనట్టు. 30 దగ్గరికి పెరిగితే దాదాపు ఇరవై శాతం ఉన్నట్టు. ఆ పెట్రోల్ మళ్లీ ఇంజనులో పోయొద్దు.

ఇక్కడ పొరపాటు పడొద్దు. నేను ఇథనాల్‌కు వ్యతిరేకం అని ఎవరూ రాసుకోవద్దు. అది చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి తయారవుతుంది. గోవాడ ఫ్యాక్టరీ వైపు చెరకు వేసిన రైతుకు, మొక్కజొన్న వేసిన రైతుకు కొనేవాడు ఇంకొకడు పెరిగితే మంచిదే. మన ప్రశ్న వేరు. పంట అమ్మేది రైతే, పెట్రోల్ కొనేదీ రైతే. కొనే పెట్రోల్‌లో ఏముందో బంకు దగ్గర తెలుగులో రాసి పెట్టడానికి ఏం అడ్డం? సబ్సిడీ మీద ఇచ్చే మిషను ఆ పెట్రోల్‌కు పనికొస్తుందో లేదో అమ్మేటప్పుడే చెప్పడానికి ఏం అడ్డం?

మన జాగ్రత్త మనం పడాలి. వారానికి సరిపడా మాత్రమే కలపండి. పని అయ్యాక పదిహేను రోజులు ఆపుతామంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటది ఆగేవరకు నడిపి కార్బొరేటర్ ఎండబెట్టండి. పెట్రోల్ పైపు, రబ్బరు పొర ఏటా ఒకసారి మార్చుకోండి. అవి పెద్ద ఖరీదు కావు, సమయానికి దొరకకపోవడమే కష్టం.

దొరకకపోవడం గురించే సంఘం

2014-15 నుంచి కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం నడుస్తోంది. సబ్సిడీ మిషన్లు వచ్చాయి, అద్దె యంత్రాల కేంద్రాలు వచ్చాయి. మిషను ఇచ్చే రోజు ఫొటో తీస్తారు. ప్లగ్గు, ప్యాకింగు, రబ్బరు పొర ఎక్కడ దొరుకుతాయో ఎవరూ చెప్పరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక అనకాపల్లి వైపు పొలాలన్నీ వేరే జిల్లాకు పోయాయి. విశాఖ జిల్లా అంటే పోర్టు, ఉక్కు, ఐటీ కొండ అనుకునే రోజులొచ్చాయి. ఇక్కడ కూడా కూరగాయలు, పూలు, మామిడి, జీడి పండించేవాళ్లం ఉన్నామని మనమే చెప్పుకోవాలి.

చెప్పుకోవడానికి ఆధారం లేకపోలేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. ఆ కమిటీ ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అమెరికాలో ట్రాక్టర్ల రైతులు ఇదే పోరాటం చేశారు. కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. వ్యవసాయ యంత్రం తయారుచేసేవాడు మరమ్మతు పుస్తకం, భాగాలు, పనిముట్లు రైతుకు అందుబాటులో ఉంచాలన్నది దాని సారం. వాళ్ల ట్రాక్టర్ పెద్దది, మన పంపు చిన్నది. హక్కు ఒకటే.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా తెలుసుకోండి. స్వయంగా పని చేసుకుని బతకడానికి కొన్న వస్తువును అది వ్యాపార అవసరం కింద లెక్కించదు. పంపు కొన్న చిన్న రైతు వినియోగదారుడే. ముందు 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. తేలకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. దీనికంతటికీ కావలసింది ఒక కాగితం: బిల్లు. బిల్లు లేకుండా వంద రూపాయలు తగ్గుతుందని ఆశపడొద్దు. మార్చిన పాత భాగాన్ని షాపులో వదలొద్దు, అడిగి తెచ్చుకోండి. నా పాత కార్బొరేటర్ నేను అడిగి తెచ్చుకోలేదు. అది పాడవలేదని ఈ రోజుకీ ఎవరికీ చూపించలేను.

నాలుగు డిమాండ్లతో తీర్మానం పెడుతున్నాను. సబ్సిడీ మిషన్ల చిన్న సామాను రైతు సేవా కేంద్రాల్లో నిల్వ ఉంచాలి. ప్రతి మిషనుతో తెలుగులో మరమ్మతు పుస్తకం ఇవ్వాలి. బంకుల్లో ఇథనాల్ శాతం తెలుగులో కనపడేలా రాయాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు ఏటా మందు కొట్టే సీజనుకు ముందే గ్రామాల్లో ఒక రోజు ఇంజను శిక్షణ పెట్టాలి. ప్రభుత్వం చేసేలోపు మన పని మనం చేద్దాం. గ్రామానికి ఒక పెట్టె: ప్లగ్గు పానా, స్క్రూ డ్రైవర్లు, ప్యాకింగ్ షీటు, ఒక మీటరు పెట్రోల్ పైపు, రెండు ప్లగ్గులు, ఆయిల్ కొలిచే గ్లాసు. సంఘం గ్రామ కమిటీ దగ్గర ఉండాలి. పాత స్కూటర్ మేస్త్రీలు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే వాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. వాళ్ల చెవుల్లో ఉన్న విద్య వాళ్లతో పోనివ్వకూడదు.

బీచ్ కుర్రాళ్ల సంగతి చెబుతానన్నాను. చోక్ సగం వేస్తే బండి అందుకుంది. ఆకలి. ట్యాంకు మూత వదులు చేసినా మార్పు లేదు. పైపు ఊడదీస్తే పెట్రోల్ చుక్క చుక్కగా వస్తోంది. ఫిల్టర్ నిండా సన్నటి ఇసుక. కడిగి పెట్టారు. నేను ఇటు బయలుదేరేసరికి ఆ బండి ఇసుకలో గుండ్రంగా తిరుగుతోంది. ఫిల్టర్ కొత్తది వేయమని, ట్యాంకు కూడా కడగమని చెప్పి వచ్చాను. వాళ్ల వారం సంపాదన వాళ్ల దగ్గరే మిగిలింది.

బయట చెట్టు కింద మీరు తెచ్చిన పంపులు, గడ్డి మిషన్లు వరసగా పెట్టి ఉన్నాయి. భోజనానికి ముందు వాటి దగ్గరికి వెళదాం. ఎవరి మిషను వాళ్లే విప్పాలి. నేను పక్కన నిలబడతాను, పానా మాత్రం పట్టుకోను.